మూత బిగించిన డబ్బాలోకి పురుగు ఎలా వచ్చింది?

ప్రశ్న: తొమ్మిదేళ్లుగా గాలపు వేటకు కావలసిన ఫ్లైలు, అంటే కొక్కేనికి ఈకలు, బొచ్చు చుట్టి చేసే పురుగులాంటి ఎరలు, నేనే కట్టుకుంటున్నాను. సామగ్రినంతా ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, నాలుగు కలరా ఉండలు, రెండు సెడార్ చెక్కముక్కలు వేసి మూత గట్టిగా బిగించాను. నాలుగు నెలల తరువాత మొన్న తెరిచి చూస్తే, ఎంతో ఇష్టపడి కొనుక్కున్న గ్రిజ్లీ కేప్ (నలుపు తెలుపు చారల ఈకలున్న కోడి మెడ తోలు) సగం బోసిపోయి ఉంది. గులాబీ రంగు మారబూ (మెత్తని నూగు ఈకలు) ఉన్న సంచి అడుగున అదే రంగులో ఇసుకలాంటిది పేరుకుంది. జింక తోక పట్టుకుంటే వెంట్రుకలు కుచ్చులుగా ఊడిపోతున్నాయి, వాటి మధ్య నూగు నూగుగా గోధుమ రంగు పొట్టు కనిపిస్తోంది. మూత బిగించిన డబ్బాలోకి పురుగు ఎలా వచ్చింది? మిగిలినదాన్ని దక్కించుకోవచ్చా, లేక అంతా పారేయవలసిందేనా? కొందరు మైక్రోవేవ్‌లో పెట్టమంటున్నారు, కొందరు ఫ్రీజర్‌లో పెట్టమంటున్నారు. తిండి దాచుకునే ఫ్రీజర్‌లో పక్షి తోళ్లు పెట్టనివ్వబోమని ఇంట్లోవాళ్లు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు జవాబు వినడానికి కొంచెం కష్టంగా ఉండవచ్చు. చాలావరకు పురుగు తనంతట తాను డబ్బాలోకి రాదు, మనమే తెచ్చి లోపల పెడతాం. కొన్న తోలు మీదనో, స్నేహితులెవరైనా ఇచ్చిన రెక్క మీదనో, అర మిల్లీమీటరుకు మించని గుడ్లు కొన్ని ఈకల మొదళ్లలో అంటుకుని వచ్చి ఉంటాయి. ఆ తరువాత మీరు మూత బిగించడం దొంగను ఇంట్లో పెట్టి తాళం వేయడమే అయింది. చీకటి, కదిలించేవారు లేని చోటు, తరగని తిండి అన్నీ ఒకేచోట దొరికాక దానికి బయటికి రావలసిన పనేముంది? డబ్బా గానీ సంచి గానీ శుభ్రంగా లోపలికి వెళ్లినదాన్ని శుభ్రంగా ఉంచగలవు తప్ప, పురుగుతో వెళ్లినదాన్ని బాగుచేయలేవు. కాబట్టి లోపల ఏ మందు వేయాలన్న ఆలోచన కన్నా, లోపలికి ఏది ఏ స్థితిలో వెళుతోందన్న ఆలోచన ముందు రావాలి.

మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి మీ డబ్బాలో ఒక రకం కాదు, రెండు రకాల పురుగులు ఉన్నాయి. గులాబీ రంగు ఇసుక చిమ్మెట పని. బట్టలను కొట్టే చిమ్మెట పిల్ల, అంటే లార్వా, రంగు వేసిన ఈకను తింటే దాని పెంటిక కూడా ఆ ఈక రంగులోనే పడుతుంది. భూతద్దం కింద పెట్టి చూడండి, ఇసుక రేణువుల్లా అడ్డదిడ్డంగా ఉండకుండా అన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో చిన్న గుళికల్లా కనిపిస్తాయి. వాటితోపాటు సన్నని పట్టుదారాల గొట్టాలు, సాలెగూడు ముద్దల వంటివి ఉంటే అది టినియోలా బిస్సెల్లియెల్లా అనే రకం. దానికి దగ్గరి చుట్టమైన టినియా పెల్లియోనెల్లా అనే రకమైతే, లార్వా తాను తిన్న పోగులతోనే చిన్న గొట్టంలాంటి గూడు అల్లుకుని, నత్త గుల్లను మోసినట్లు వెంట మోసుకుంటూ తిరుగుతుంది. ఒకసారి నా డబ్బాలో దొరికిన గూడు మధ్యభాగం ఆలివ్ రంగులోను, రెండు కొసలు నారింజ రంగులోను ఉన్నాయి. లార్వా పెరిగేకొద్దీ గూటిని కొసల వైపు పొడిగించుకుంటుంది కనుక, అది మొదట ఆలివ్ మారబూ తిని, ఆ తరువాత పక్క సంచిలోని నారింజ రంగు ఈకల మీదికి వెళ్లిందని ఆ గూడే చెప్పింది. నష్టపోయినవాడిని నేనే అయినా, ఆ పనితనానికి ముచ్చట పడకుండా ఉండలేకపోయాను.

రెక్కలున్న చిమ్మెట అసలు ఏమీ తినదు. ఎండుగడ్డి రంగులో మెరుస్తూ, రెక్కలు ముడిచినప్పుడు 6, 7 మిల్లీమీటర్లకు మించని ఆ పురుగుకు తినే నోరే లేదు. అది దీపం చుట్టూ తిరిగే రకం కూడా కాదు, వెలుతురు పడగానే మడతల్లోకి పరుగెత్తుతుంది. ఒక్కో ఆడపురుగు సుమారు 40 నుంచి 50 గుడ్లు పెట్టి చనిపోతుంది. వెచ్చగా ఉంటే 4 నుంచి 10 రోజుల్లో అవి పిగులుతాయి. అక్కడి నుంచి లార్వా దశ పరిస్థితులు అనుకూలిస్తే ఐదారు వారాల్లో ముగియవచ్చు, లేకపోతే రెండేళ్లకు పైగా సాగవచ్చు. కాబట్టి ఎగిరే చిమ్మెటను చంపి ఊరట పడడంలో అర్థం లేదు. నష్టం చేసేది, చేయబోయేది మీకు కనిపించని చోటనే ఉంది.

జింక తోకలో మీకు కనిపించిన గోధుమ రంగు నూగు పొట్టు మరో రకానిది. అది కుబుసం. డెర్మెస్టిడ్ కుటుంబానికి చెందిన పెంకు పురుగుల లార్వాలు ఒళ్లంతా వెంట్రుకలతో ఉండి, పెరిగేకొద్దీ పలుమార్లు కుబుసం విడుస్తాయి. అవి పట్టు అల్లవు. అందుచేత దారాలేవీ లేకుండా, బోలుగా ఉన్న రోమాల తొడుగులు మాత్రమే దొరికితే యాంథ్రినస్ జాతివో అటాజినస్ జాతివో అనుకోవాలి. పెద్దదైన యాంథ్రినస్ పురుగు 2 నుంచి 4 మిల్లీమీటర్ల గుండ్రని చుక్కల పురుగు. అది పూల పుప్పొడి తిని బతుకుతుంది, వెచ్చని రోజుల్లో కిటికీ గట్టు మీద కనిపిస్తుంది. గుడ్లు పెట్టడానికి మాత్రం ఉన్ని, ఈకలు, ఎండిన తోలు ఉన్న మూలలను వెతుక్కుంటూ లోపలికి వస్తుంది. మీరు బల్ల మీద డబ్బా తెరిచి ఉంచి సాయంత్రమంతా ఫ్లైలు కట్టుకున్న రోజున అది నేరుగా లోపలికి దిగి ఉండే అవకాశం కూడా ఉంది. ఈ లార్వాల వెంట్రుకలు కొందరికి చర్మం మీద దద్దుర్లను, ముక్కులో చిరాకును కలిగిస్తాయి. కాబట్టి ఆ జింక తోకను విదిలించే ముందు మాస్కు, చేతి తొడుగులు వేసుకోండి.

ఈ రెండు రకాలూ కోరుకునేది కెరటిన్. ఈకలు, బొచ్చు, ఉన్ని, గోళ్లు, కొమ్ములు అన్నీ ఆ ప్రొటీన్‌తోనే తయారవుతాయి. దాన్ని జీర్ణించుకోగల ప్రాణులు తక్కువ, ఆ తక్కువలో ఇవి ఉన్నాయి. అయితే కడిగి ఆరబెట్టిన శుభ్రమైన ఈక ఒక్కటే వీటికి పుష్టికరమైన తిండి కాదు. కొవ్వు, ఎండిన రక్తం, చెమట, మురికి అంటుకున్న చోట లార్వాలు బాగా ఎదుగుతాయి. అందుకే ఒకే డబ్బాలో తోలు బాగా పదును చేసిన కేప్ ఓ మాదిరిగా మిగిలి, ఎవరో వేటగాడు ఇచ్చిన పచ్చి బాతు రెక్క పూర్తిగా పొడి అయిపోతుంది. జింక తోక విషయంలో పురుగు వెంట్రుకను మొదట్లో, తోలు దగ్గర కొరుకుతుంది. పైన చూస్తే ఏ లోపమూ కనిపించదు, పట్టుకుంటే కుచ్చు మొత్తం చేతిలోకి వస్తుంది. టిన్సెల్ (మెరుపు రిబ్బను), తీగ, నైలాన్, పాలిస్టర్ పోగులు వీటికి తిండి కావు కనుక వాటిని వేరే పెట్టెలోకి మార్చి, కాపలా కాయవలసిన రాశిని తగ్గించుకోవచ్చు. కుందేలు బొచ్చు కలిపిన డబ్బింగ్‌ను (ఫ్లై ఒంటికి చుట్టే పోగుల ముద్దను), పట్టుదారాన్ని మాత్రం ఈకలతో సమానంగానే చూడాలి.

ఇక ఇప్పుడు చేయవలసిన పని. డబ్బాను ఇంట్లో పరుపు మీదనో తివాచీ మీదనో బోర్లించకండి. వెలుతురు బాగా ఉన్న గట్టి నేల మీద, పాత తెల్లటి దుప్పటి పరిచి, ఒక్కొక్క వస్తువునే పైకి తీయండి. తెల్లటి గుడ్డ మీద కదిలేది ఏదైనా వెంటనే కనిపిస్తుంది. తీసినదాన్ని తీసినట్లే ఒక్కొక్కదాన్ని విడి విడి జిప్ సంచిలో వేసి మూసేయండి. బాగున్నట్లు కనిపించిన వస్తువును పక్కన పెట్టి, పాడైనదానికి మాత్రమే చికిత్స చేద్దామనుకోవడం ఈ సమయంలో అందరూ చేసే పొరపాటు. గుడ్లు కంటికి ఆనవు కాబట్టి, ఆ డబ్బాలో ఉన్న జంతు సంబంధమైన ప్రతి వస్తువునూ పురుగు పట్టినదిగానే లెక్కించాలి. దారాల గొట్టాలతో ముద్దకట్టిన మారబూను, తోలు వైపు చిల్లులు పడిన ముక్కలను దక్కించుకోవాలని చూడకుండా, సంచితో సహా ఆ రోజే ఇంటి బయటి చెత్తలోకి పంపండి. అయిదారు ఫ్లైలకు సరిపోయే ఈకల కోసం మిగిలిన సామగ్రినంతా ప్రమాదంలో పెట్టడం తగదు.

చికిత్స విషయంలో నా ఓటు ఫ్రీజర్‌కే. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువ చలిలో, రెండు వారాలు కదిలించకుండా ఉంచితే గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా అన్ని దశలూ చనిపోతాయి. మ్యూజియంలు కూడా తమ ఉన్ని వస్త్రాలకు, పక్షి తోళ్లకు ఈ పద్ధతినే వాడుతున్నాయి. అయితే ఇందులో జాగ్రత్త పడవలసిన చిన్న సంగతులు మూడు ఉన్నాయి. మొదటిది వేగం. చలి మెల్లమెల్లగా పెరిగితే కొన్ని పురుగులు తమ ఒంట్లో గ్లిజరాల్ వంటి పదార్థాలను పెంచుకుని గడ్డకట్టకుండా తట్టుకోగలవు. ఈకలు చలిని ఆపడానికే పుట్టినవి కదా! అన్నిటినీ ఒకే మూటగా కట్టి లోపల పెడితే, మధ్యలో ఉన్నదానికి చలి చేరేసరికి చాలా ఆలస్యమవుతుంది. అందుకే సంచులను పలుచగా, ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా పరచాలి. రెండోది ఇంటి ఫ్రీజర్ స్వభావం. తలుపు మాటిమాటికి తెరవడం వల్ల, తనంతట తాను మంచు కరిగించుకునే ఏర్పాటు వల్ల లోపలి చలి నిలకడగా ఉండదు. చిన్న థర్మామీటరు ఒకటి లోపల పెట్టి చూసుకోవడం మంచిది. నిలకడ మీద అనుమానం ఉంటే రెండు వారాల తరువాత సంచులను బయటికి తీసి, మూసి ఉండగానే రెండు రోజులు గది వేడిలో ఉంచి, మళ్లీ ఒక వారం లోపల పెట్టండి. ఈ రెండో విడత తప్పనిసరి అని నేననను, కానీ ఖర్చు లేని భద్రతను ఎందుకు వదులుకోవాలి? మూడోది తేమ. సంచిలో పెట్టేముందు ఈకలు పూర్తిగా పొడిగా ఉండాలి, లోపలి గాలిని వీలైనంత నొక్కి తీసేయాలి, బయటికి తీసిన తరువాత కనీసం ఒక రోజు వరకు సంచి విప్పకూడదు. అలా చేస్తే తేమ సంచి బయటి వైపే చేరి ఆరిపోతుంది. తొందరపడి విప్పితే ఆ నీరంతా మీ కేప్ మీదనే కూర్చుంటుంది. మామూలు ఫ్రిజ్ అరలో పెట్టడం మాత్రం వృథా ప్రయాస, అక్కడి చలికి పురుగు నిద్రపోతుందే గాని చావదు.

ఇంట్లోవారి అభ్యంతరం న్యాయమైనదే. సంచిలో సంచి పెట్టి, ఆ రెండింటినీ మూత గల గట్టి డబ్బాలో ఉంచి, దాని మీద లోపలున్నదేమిటో రాసి, మూడు వారాల తరువాత ఏ తేదీన ఖాళీ చేస్తారో కూడా రాసి చూపించండి. తేదీ రాసిన డబ్బా మీద జరిగే వాదన, తేదీ రాయని డబ్బా మీద జరిగే వాదన కన్నా ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది. అప్పటికీ ఒప్పుకోకపోతే, ఫ్లైలు కట్టే మిత్రులు ముగ్గురు నలుగురు కలిసి పాత చిన్న ఫ్రీజర్ ఒకటి కొనుక్కుని వంతుల వారీగా వాడుకోవచ్చు.

మైక్రోవేవ్ సలహాను మాత్రం మరిచిపోండి. 55 డిగ్రీల వేడి లోపలి దాకా చేరి కొన్ని గంటలు నిలిస్తే పురుగు చస్తుందన్న మాట నిజమే. కానీ మైక్రోవేవ్ వేడి ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా తగులుతుంది. తోలు ముడుచుకుని అప్పడంలా గట్టిపడుతుంది, తోలులో మిగిలిన కొవ్వు కరిగి ఈకల మొదళ్లకు పాకుతుంది, అయినా చల్లగా మిగిలిపోయిన మూలలో గుడ్డు బతికే ఉంటుంది. పైగా కేప్‌ను అట్టకు బిగించిన స్టేపుల్ పిన్ను మీ కంటబడకపోతే నిప్పురవ్వలు లేస్తాయి. మామూలు ఓవెన్‌లో వేడిని సమంగా ఉంచగలవారికి కూడా తోలు ఉన్న వస్తువులకు ఆ పద్ధతిని నేను సూచించను.

కలరా ఉండల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు వాటినే నమ్ముకున్నారు. నాఫ్తలీన్ అయినా, పారాడైక్లోరోబెంజీన్ అయినా ఘనరూపం నుంచి నేరుగా ఆవిరిగా మారి, ఆ ఆవిరి మూసిన చోట బాగా చిక్కబడి, చాలా రోజులు అలాగే నిలిచినప్పుడే పురుగును చంపగలవు. అంత పెద్ద డబ్బాలో నాలుగు ఉండలు వాసన ఇస్తాయే తప్ప ఆ సాంద్రతను చేరుకోలేవు. చేరుకునేటన్ని వేస్తే, మూత తెరిచిన ప్రతిసారీ ఆ ఆవిరి మీ ఊపిరిలోకే పోతుంది. జీ-6-పీ-డీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి, ముఖ్యంగా పసిపిల్లలకు, నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు చిట్లిపోయే ప్రమాదం ఉంది. ఐరోపా సమాఖ్య 2008లోనే నాఫ్తలీన్ ఉండల అమ్మకాన్ని నిలిపివేసింది. పారాడైక్లోరోబెంజీన్‌కు మరో దుర్గుణం ఉంది. అది పాలిస్టైరీన్‌తో చేసిన గాజులాంటి పెట్టెలను, నురుగు పలకలను మెత్తబరుస్తుంది. ఫ్లైలు గుచ్చిన పలక జిగటగా మారి కొక్కేలకు అతుక్కుందని కొందరు వాపోవడానికి కారణం అదే. పాత ఉండలు ఒక రకానివి, కొత్తవి మరో రకానివి అయి రెండూ కలిస్తే కరిగి ద్రవమై మరకలు చేస్తాయి. మీ డబ్బాలోని ఉండలను తీసేయండి. శీతల చికిత్స ముగిసిన తరువాత, ఎండ తగలని గాలి చోట, పలుచని వల గుడ్డ కప్పి కొన్ని రోజులు ఉంచితే వాసన చాలావరకు పోతుంది.

సెడార్ ముక్కల వాసన బాగుంటుంది, ఇష్టమైతే ఉంచుకోండి. ఎర్ర సెడార్ నూనె కొత్తగా పిగిలిన చిమ్మెట లార్వాలను కొంత దెబ్బతీయగలదు గాని, గుడ్ల మీద, పెరిగిన లార్వాల మీద దాని ప్రభావం నమ్మదగినది కాదు. చెక్క ఆరేకొద్దీ ఆ కొంచెమూ పోతుంది. లావెండర్ సంచులకూ ఇదే మాట వర్తిస్తుంది. ఇంట్లో వాడే పురుగుమందు స్ప్రేని మాత్రం సామగ్రి మీద ఎన్నడూ కొట్టకండి. అలాంటి మందుల్లో ఎక్కువగా ఉండే పైరెత్రాయిడ్ రసాయనాలు చేపలకు, నీటి పురుగులకు అతి స్వల్ప మోతాదులోనే ప్రాణాంతకం. చేపను ఆకర్షించాలని కట్టే ఫ్లైని ఆ మందులో ముంచి ఏటిలో వేయడం ఎలాంటి పనో వేరే చెప్పనక్కరలేదు.

సామగ్రి ఫ్రీజర్‌లో ఉన్న ఆ మూడు వారాలు గదిని శుభ్రం చేయడానికి వాడుకోండి. డబ్బాను వేడి సబ్బునీటితో కడిగి, మూత అంచు గాడిలో, మూల మడతల్లో పాత పళ్ల బ్రష్‌తో రుద్దండి. కట్టే బల్ల సొరుగులను, నేల అంచుల సందులను వాక్యూమ్ క్లీనర్‌తో పీల్చి, దాని సంచిని ఆ పూటే బయట పారేయండి. కొక్కేన్ని బిగించి పట్టే వైస్ కింద రాలిన ఈక తుంపులు, బొచ్చు పోగులు ఏళ్ల తరబడి చేరే చోటే కొత్త పురుగుకు నర్సరీ. ఇంతటితో ఆగక అసలు మూలం ఎక్కడుందో వెతకండి: తివాచీ అడుగు, అలమరాలో మడిచి మరిచిపోయిన ఉన్ని దుప్పటి, గోడకు తగిలించిన జంతువు తల, చూరులో వదిలేసిన పిచ్చుక గూడు, అటక మీద చచ్చిన ఎలుక. ఫెరొమోన్ (ఆడ చిమ్మెట వాసనను పోలిన ఎర) పూసిన జిగురు పలక ఒకటి పెట్టుకుంటే ఉపయోగమే, కానీ అది మగ చిమ్మెటలను మాత్రమే పట్టుకుంటుంది. పెంకు పురుగులకు ఆ ఎర పని చేయదు. పలక మీద పురుగు పడిందంటే వెతకడం మొదలుపెట్టాలని అర్థం చేసుకోవాలి గాని, పీడ విరగడైందని కాదు.

ఇకమీదట సామగ్రి దాచే తీరు మార్చుకోవాలి. పెద్ద డబ్బా ఒక్కటే ఉండి, లోపల అన్నీ విడిగా పడి ఉంటే, ఒక్క రెక్కకు పట్టిన పురుగు నాలుగు నెలల్లో డబ్బా అంతా తిరుగుతుంది. మీ విషయంలో జరిగింది అదే. ఒక్కో తోలు ఒక్కో మందపాటి జిప్ సంచిలో, ఆ సంచులు రబ్బరు అంచు గల గట్టి డబ్బాలో ఉంటే, ఎక్కడ పుట్టిన పురుగు అక్కడే నిలిచిపోతుంది, నష్టం ఒక్క సంచికే పరిమితమవుతుంది. సంచి పారదర్శకంగా ఉండడం కూడా ముఖ్యమే, విప్పకుండానే అడుగున పొడి చేరిందో లేదో చూడవచ్చు. పలుచని సంచులను నమ్మకండి, పెంకు పురుగు లార్వాలు వాటిని కొరికి దాటగలవు. విలువైన కేప్‌లకు వెడల్పు మూతి గాజు జాడీలు ఇంకా మంచివి. లోపల సిలికా జెల్ పొట్లం వేస్తే బూజు రాదు, పక్కన పెట్టిన కొక్కేలకు తుప్పు పట్టదు. వెలుతురుకు రంగులు వెలిసిపోతాయి కాబట్టి జాడీలను చీకటి అలమరాలో పెట్టడం తప్పదు. పురుగు కూడా చీకటినే కోరుతుంది కాబట్టి వాటిని మరిచిపోకుండా ఉండడమూ తప్పదు. రెండు నెలలకొకసారి ఒక్కో సంచిని వెలుతురులోకి తెచ్చి, తట్టి, అడుగు చూసి, మళ్లీ పెట్టండి. ఆ పనికి అరగంట కూడా పట్టదు.

కొత్తగా వచ్చే ప్రతి వస్తువు, అది కొట్టులో కొన్నదైనా, బహుమతిగా వచ్చినదైనా, ముందు ఫ్రీజర్‌కు వెళ్లి, ఆ తరువాత ఒక నెల విడి సంచిలో ఉండి, అప్పుడే మిగిలినవాటితో చేరాలి. ఈ నియమం నాకు ఒక నెమలి తోక నేర్పింది. ఆప్తుడైన ఒక పెద్దాయన తన పాత సామగ్రిని అభిమానంతో ఇస్తే, అనుమానించడం మర్యాద కాదనుకుని నేరుగా నా అలమరాలో పెట్టాను. ఆరు నెలల తరువాత ఆ తోకలో మిగిలినవి ఈనెలు మాత్రమే, దాని పక్కనున్న రెండు శాడిళ్లు (కోడి వీపు వెనుక భాగపు తోళ్లు) కూడా ఆ దారినే పోయాయి. ఇచ్చినవారి మీద గౌరవం వేరు, ఇచ్చినదానికి ఫ్రీజర్ చూపించడం వేరు.

పచ్చి రెక్కలు, తోళ్లు తెచ్చుకునే అలవాటుంటే ఫ్రీజర్‌కు ముందు మరో పని ఉంది. మాంసం, కొవ్వు పూర్తిగా గీకి తీసి, గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే సబ్బుద్రవం కొద్దిగా కలిపి, ఈక వాలును అనుసరించి మెల్లగా కడిగి, సబ్బు పోయేవరకు నీళ్లు మార్చి, తోలు వైపు బోరాక్స్ రుద్ది, అట్ట మీద పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. బోరాక్స్ తేమను పీల్చి, పురుగుకు ఆ తోలును తినలేనిదిగా చేస్తుంది. పిల్లల చేతికి అందనీయకూడదన్నది గుర్తుంచుకోవాలి.

పాతకాలపు పక్షి తోళ్లు కొనేవారికి ఇంకొక హెచ్చరిక. 18వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన బెకూర్ అనే ఔషధ నిర్మాత ఆర్సెనిక్ కలిపిన సబ్బును తయారుచేశాక, 20వ శతాబ్దం దాకా పక్షి తోళ్లను దానితోనే భద్రపరిచేవారు. 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్‌లో ఉన్న ప్రకృతి శాస్త్ర మ్యూజియం నుంచి ఫ్లైలు కట్టే వ్యామోహంతో ఒక యువకుడు 299 పక్షి తోళ్లు దొంగిలించాడు. వాటిలో 19వ శతాబ్దపు ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ మలయ ద్వీపాల్లో సేకరించినవి కూడా ఉన్నాయి. ఆరబెట్టిన తోళ్లను చీమల నుంచి దక్కించుకోవడానికి నానా పాట్లు పడిన వాలెస్ సేకరణ, బిగువైన బీరువాల్లో నూటయాభై ఏళ్లు పురుగుకు చిక్కకుండా నిలిచి, చివరకు మనలాంటి అభిరుచి గలవాడి చేతికి చిక్కింది. అంత పాత తోలు మీ చేతికి న్యాయంగానే వచ్చినా, దాని మీద పురుగు జాడ లేకపోవడాన్ని అదృష్టమనుకోకండి, విషం ఉందేమోనని అనుమానించండి. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, ఈకను తడపడానికి పెదవుల దగ్గరికి తీసుకురావద్దు, తిండి ఉండే ఫ్రీజర్‌లో పెట్టనే వద్దు.

కట్టిన ఫ్లైలను కూడా మరవకండి. చాలామంది సామగ్రిని భద్రంగా దాచి, చొక్కా మీది గొర్రెతోలు పట్టీకి గుచ్చిన ఫ్లైలను, ఉన్ని పొరలున్న పాత ఫ్లై పర్సును మేకుకు తగిలించి వదిలేస్తారు. మరుసటి ఏడాది చూస్తే బోడి కొక్కేలు, వాటికి చుట్టిన దారం మిగులుతాయి. ఫ్లై పెట్టెలు కూడా మిగిలినవాటితో పాటే ఫ్రీజర్‌కు వెళ్లాలి, లోపల పూర్తిగా ఆరి ఉంటే కొక్కేలకు ఏమీ కాదు.

చివరగా మీ గ్రిజ్లీ కేప్ గురించి. ఫ్రీజర్ నుంచి వచ్చాక తోలును వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. చిల్లులు లేకుండా గట్టిగా ఉన్న భాగాన్ని కత్తిరించి ఉంచుకోండి. పురుగు సాధారణంగా అంచుల నుంచి మొదలుపెడుతుంది కాబట్టి నడిమి వరుసల్లోని చిన్న ఈకలు పనికివచ్చే అవకాశం ఉంది. ఊడిపోయినవాటిలో పోగులన్నీ పోయి ఈనె మాత్రం చెక్కుచెదరకుండా మిగిలినవి కొన్ని దొరుకుతాయి. వాటిని పారేయకండి. ఈనెతో ఒళ్లు చుట్టే ఫ్లైల కోసం మనం గోటితో గీకి, ఒక్కో ఈకనూ ఓపికగా బోడి చేసుకుంటాం కదా, ఆ పని ఈసారి పురుగు చేసి పెట్టింది. అరగంట నీళ్లలో నానబెట్టి, వంచి చూడండి. విరగని ఈనెలను మాత్రం ఏరుకుని కట్టండి.